సమలంబ చతుర్భుజం: ఒక ఆకారానికి పేరు కుదిరిన తీరు

నాలుగు భుజాలలో రెండు మాత్రమే సమాంతరంగా ఉండి, మిగిలిన రెండూ ఏటవాలుగా సాగే ఆకారాన్ని తెలుగు పాఠ్యపుస్తకాలు సమలంబ చతుర్భుజం అని పిలుస్తాయి. ఈ పేరులో సమాంతరం అన్న మాట లేదు, ఏటవాలు ప్రస్తావనా లేదు. ఒక భుజం మీది నుంచి ఎదుటి భుజం మీదికి ఎక్కడ లంబం దించినా దాని పొడవు ఒక్కటే అన్న సంగతి ఒక్కటే ఉంది. ఆకారాన్ని దూరం నుంచి చూసినవాడు పెట్టే పేరు కాదిది. తాడో గొలుసో పట్టుకొని నేలమీదికి దిగి, ఈ చివరా ఆ చివరా అడ్డంగా కొలిచి, రెండు కొలతలూ సరిపోయాయని తేల్చుకున్నవాడు మాత్రమే పెట్టగలిగిన పేరు. వేదాల కాలపు యజ్ఞశాల మొదలుకొని చోడవరం తాలూకాలో సర్వేయరు గీసిన పొలం పటం దాకా ఈ ఆకారం ఎన్ని చేతులు మారిందో గమనిస్తే, దాని పేరు అలా ఎందుకు స్థిరపడిందో బోధపడుతుంది.

2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం, తూర్పు కనుమల పాదాలకూ శారదా నది పల్లపు నేలలకూ నడుమ ఉన్న వరి, చెరకు పండే ప్రాంతం. కొండల మీది నుంచి బొడ్డేరు, పెద్దేరు వంటి ఏరులు దిగివచ్చే ఇటువంటి చోట, మడి ఆకారాన్ని నిర్ణయించేది రైతు ఇష్టం కాదు, నీరు పారే వాలు. మడిలో నీరు సమంగా నిలవాలంటే వాలుకు అడ్డంగా గట్లు వేయాలి గనుక పై గట్టూ కింది గట్టూ ఇంచుమించు సమాంతరంగా సాగుతాయి. ఆ రెండింటినీ కలిపే పక్క గట్లు మాత్రం వాగు ఒంపునో, బండి బాటనో, పొరుగు రైతు హద్దునో అనుసరించి వంగుతాయి. కాబట్టి ఇక్కడి నేలకు సహజమైన ఆకారం చతురస్రం కాదు, సమలంబ చతుర్భుజమే. నీటిని ఆపే చెరువు గట్టును అడ్డంగా కోసి చూసినా కనిపించేది అదే ఆకారం: పైన మనిషి నడిచేంత వెడల్పు, కింద నీటి ఒత్తిడిని తట్టుకొనేంత వెడల్పు, రెండు పక్కలా వాలు. గట్టుకు ఎంత మట్టి పడుతుందో లెక్కకట్టడానికి పై వెడల్పునూ కింది వెడల్పునూ కూడి, సగం చేసి, ఎత్తుతోనూ పొడవుతోనూ హెచ్చించడం నేటికీ జరిగే పని.

ఆకారాల పేర్లలో మొట్టమొదట గమనించవలసినది మూలను సూచించే మాటకూ పక్కను సూచించే మాటకూ మధ్య ఉన్న తేడా. అశ్రి లేదా అస్రం అంటే అంచు, మూల. చతురస్రం అంటే నాలుగు మూలలది అని మాత్రమే అర్థం. అన్ని పక్కలూ సమానమన్న నియమం ఆ మాటలో మొదట లేదు. భుజం అంటే చేయి. త్రిభుజం, చతుర్భుజం అన్న పేర్లు పక్కలను చేతులుగా లెక్కించి పెట్టినవి. మూలలను లెక్కించిన పాత పద్ధతి సంగీతంలోనూ నాట్యంలోనూ ఇంకా బతికే ఉంది. తాళశాస్త్రంలోని తిశ్రం అనేది త్ర్యశ్రం, అంటే మూడు మూలలది, అన్న మాట నుంచి వచ్చింది. చతురశ్రం దానికి జత. నాట్యశాస్త్రం చెప్పిన నాట్యశాలల రకాలలోనూ ఈ రెండు పేర్లే వినిపిస్తాయి. వాడుకలో చతురస్రం అరిగి చదరం అయింది, చదరపు అడుగు, చదరపు గజం అన్న కొలతలలో నిలిచింది. చదరంగానికి మాత్రం దీనితో చుట్టరికం లేదు; అది నాలుగు అంగాల సేనను చెప్పే చతురంగం నుంచి వచ్చిన మాట.

ఈ నామకరణాలలో అన్నిటికన్నా పాత పొర శుల్బసూత్రాలది. శుల్బం అంటే తాడు. యజ్ఞవేదికలను తాడుతో కొలిచి నిర్మించే విధానాన్ని చెప్పే ఈ గ్రంథాలలో బౌధాయనుడిది, ఆపస్తంబుడిది ముఖ్యమైనవి, క్రీస్తుకు పూర్వం కొన్ని శతాబ్దాల నాటివి. తెలుగునాట వైదిక కుటుంబాలలో ఎక్కువమంది అనుసరించేది ఆపస్తంబ సూత్రమే కావడం వల్ల ఈ గ్రంథం తెలుగువారికి పరాయిది కాదు. వీటిలోని కొన్ని పేర్లు చూడగానే వస్తువును గుర్తుకు తెస్తాయి. సమద్విబాహు త్రిభుజాన్ని ప్రఉగం అన్నారు, అంటే బండి నొగలు ముందుకు వచ్చి కలిసే భాగం; ఆ ఆకారాన్ని రెండు వైపులా అతికిస్తే వచ్చే సమచతుర్భుజానికి ఉభయతః ప్రఉగం అని పేరు పెట్టారు. మరికొన్ని పేర్లు నేటి బడి దాకా చెక్కుచెదరకుండా వచ్చాయి. తెలుగు పిల్లలు రోజూ వాడే దీర్ఘచతురస్రం అన్న మాట దాదాపు అదే రూపంలో శుల్బసూత్రాలలో ఉన్నది. హిందీ, కన్నడ పాఠ్యపుస్తకాలు తరువాతి గణితకారుల ఆయతం అన్న మాటను తీసుకోగా, తెలుగు ఆ పాత పేరునే అట్టిపెట్టుకున్నది. ఇది తెలుగు విద్యాలోకం గర్వించదగిన సంగతి.

సమలంబ చతుర్భుజానికి ఆ కాలంలో ఈ పేరు లేదు గాని, యజ్ఞభూమిలో దానికి ఉన్నంత గౌరవం మరే ఆకారానికీ లేదు. సోమయాగానికి కట్టే మహావేది సరిగ్గా ఈ ఆకారంలోనే ఉంటుంది: తూర్పు పక్క 24 పదాలు, పడమర పక్క 30 పదాలు, వాటి మధ్య దూరం 36 పదాలు, పదం అంటే ఇక్కడ పాదంతో లెక్కించే కొలత. వేదిని మనిషి ఒళ్లుగా భావించి తూర్పు మూలలను అంసాలు అనీ, అంటే భుజశిరస్సులు అనీ, పడమటి మూలలను శ్రోణులు అనీ, అంటే తుంట్లు అనీ పిలిచారు. ఒక చతురస్రాన్ని ఇటువంటి ఆకారంగా మార్చవలసి వచ్చిన సందర్భంలో బౌధాయనుడు దానిని ఒక పక్క సన్నగిల్లినది అన్న అర్థం వచ్చే మాటతో వర్ణించాడు. అది వర్ణన మాత్రమే, ఆకారానికి స్థిరపడిన పేరు కాదు.

ఆపస్తంబుడు చెప్పిన నిర్మాణక్రమాన్ని కాస్త దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే లంబం అన్న భావన నేలమీద ఎలా పుట్టిందో అందులో కనిపిస్తుంది. తూర్పు పడమరలుగా 36 పదాల దూరంలో రెండు శంకువులు, అంటే మేకులు, పాతుతారు. 54 పదాల తాడు తీసుకొని ఒక చివరి నుంచి 15 పదాల దగ్గర గుర్తు పెట్టి, రెండు చివరలనూ రెండు మేకులకు కట్టి, గుర్తు దగ్గర పట్టుకొని పక్కకు లాగితే తాడు 15, 39 పదాల రెండు ముక్కలుగా బిగుసుకుంటుంది. 15 వర్గం 225, 36 వర్గం 1296, రెండూ కలిపితే 1521, అది 39 వర్గం. కాబట్టి 15 పదాల ముక్క ఉన్న మేకు దగ్గర సమకోణం దానంతట అదే ఏర్పడుతుంది. పడమర మేకు దగ్గర అటూ ఇటూ 15 పదాలలో శ్రోణులు, తాడును తిప్పి కట్టి తూర్పు మేకు దగ్గర అటూ ఇటూ 12 పదాలలో అంసాలు గుర్తిస్తారు. వేది వైశాల్యం 972 చదరపు పదాలు అని చెప్పి ఊరుకోకుండా, అది ఎందుకు అంతో కూడా ఆపస్తంబుడు చూపించాడు: ఒక పక్కన ఏటవాలుగా ఉన్న ముక్కను కోసి తిరగేసి రెండో పక్కన అతికిస్తే 27 పదాల వెడల్పు, 36 పదాల పొడవు ఉన్న దీర్ఘచతురస్రం అవుతుంది. భారతీయ గణితంలో సూత్రాన్ని చెప్పి ఆగిపోక ఉపపత్తిని కూడా చూపిన అతి ప్రాచీన సందర్భాలలో ఇది ఒకటి. పేరులేని ఆకారం గురించి అంత స్పష్టమైన ఆలోచన సాగడం ఆశ్చర్యం కలిగించే విషయం.

క్రీస్తుశకం 499లో ఆర్యభటీయం రాసిన ఆర్యభటుడు ఈ ఆకారపు వైశాల్యానికి నేటి సూత్రాన్నే చెప్పాడు: రెండు వెడల్పుల మొత్తంలో సగాన్ని వాటి మధ్య నిడివితో హెచ్చించాలి. ఆ తరువాతి గణితకారులు సమాంతర భుజాలలో చిన్నదానిని ముఖం అనీ, పెద్దదానిని భూమి అనీ అన్నారు. త్రిభుజ వైశాల్యం చెప్పేటప్పుడు తెలుగు ఉపాధ్యాయులు నేటికీ భూమి అనే మాట వాడడం ఆ పరంపరలోనిదే. లంబం అంటే వేలాడేది. తాపీ మేస్త్రీ గోడ నిలువు చూడడానికి దారానికి కట్టి వదిలే తూకం గుండు ఏ గీతను గీస్తుందో అది అసలు లంబం, ముఖం నుంచి భూమి మీదికి దించేది ఆ గీతనే.

ఈ విద్యను తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాలలో సారసంగ్రహ గణితంగా మలిచాడు. ఆయన రాజరాజనరేంద్రుని కాలపువాడని, అంటే 11వ శతాబ్దపువాడని, సాహిత్య చరిత్రలు ఎక్కువగా చెబుతాయి. తెలుగులో తొలి శాస్త్రగ్రంథంగా పేరుపొందిన ఈ రచనను కావ్యాల పక్కన చిన్నచూపు చూడడం తగదు. ఒక భాష లెక్కను కూడా తనలో చెప్పుకోగలదని నిరూపించిన పుస్తకం అది.

మహావీరుడు క్షేత్రాలను వర్గీకరించిన తీరు ఎంతో విపులమైనది. క్షేత్రం అంటే పొలం. గణితంలో వైశాల్యం ఉన్న ప్రతి ఆకారానికీ అదే పేరు. త్రిభుజాలు మూడు, చతుర్భుజాలు ఐదు, వంపు ఆకారాలు ఎనిమిది అని ఆయన లెక్క. చతుర్భుజాలలో రెండు భుజాలు సమానమైనది ద్విసమం, మూడు సమానమైనది త్రిసమం. ఇవి ఆచరణలో నేటి సమలంబ చతుర్భుజపు రకాలే. అంటే అప్పటికి పేరు భుజాల సమానత్వాన్ని బట్టి నడుస్తున్నది, లంబాన్ని బట్టి కాదు. వీటికి తోడు యవ గింజ, మురజం, పణవం, వజ్రం అనే వస్తువుల ఆకారంలో ఉన్న పొలాలనూ ఆయన పేర్కొన్నాడు. మురజం నడుమ ఉబ్బిన వాద్యం, పణవం నడుము సన్నమైన వాద్యం. వీటన్నిటికీ ఒకే సూత్రం చెప్పాడు: చివరి వెడల్పునూ మధ్య వెడల్పునూ కూడి సగం చేసి పొడవుతో హెచ్చించమని. నడుమ ఒక గీత గీసి చూస్తే పణవమైనా మురజమైనా రెండు సమలంబ చతుర్భుజాల జోడీయే, అందువల్లనే ఆ సూత్రం సరిపోతుంది.

మహావీరుడు ఫలాన్ని రెండు రకాలుగా విడదీశాడు: రోజువారీ పనికి సరిపోయే వ్యావహారిక ఫలం, నిక్కమైన సూక్ష్మ ఫలం. ఎదురెదురు భుజాల సగటులను హెచ్చించడం వ్యావహారిక పద్ధతి. 628లో బ్రహ్మగుప్తుడు దీనినే స్థూలం అన్నాడు. పొలం చుట్టూ నడిచి నాలుగు గట్లూ కొలిస్తే చాలు గనుక ఇది సులువు. అయితే పక్క గట్లు ఎంత వాలితే తప్పు అంత పెరుగుతుంది. ముఖం 4, భూమి 10, పక్కలు ఒక్కొక్కటి 5 కొలతలుగా ఉన్న మడిని తీసుకుంటే, సగటుల పద్ధతిలో 7 ఇంటూ 5, అంటే 35 వస్తుంది. నిజానికి దాని లంబం 4 మాత్రమే, వైశాల్యం 28. శిస్తు కట్టే రైతు నెత్తిన లేని భూమి నాలుగో వంతు అదనంగా పడుతుంది. ఏటవాలు గట్టును కొలవడం మాని లంబాన్ని కొలవాలన్న పట్టుదల న్యాయానికి సంబంధించిన సంగతి కూడా అని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

నాలుగు భుజాల కొలతలు మాత్రమే ఇస్తే చతుర్భుజం నిలవదు. కీళ్ల దగ్గర వదులైన చట్రంలా అది ఒరిగిపోతుంది, ఒరిగిన కొద్దీ వైశాల్యం మారుతుంది. 1150లో లీలావతి రాసిన భాస్కరాచార్యుడు ఈ విషయంలో చాలా గట్టిగా మాట్లాడాడు: లంబం గాని కర్ణం గాని చెప్పకుండా చతుర్భుజపు వైశాల్యం అడిగేవాడు పిశాచం, దానికి జవాబు చెప్పేవాడు అంతకన్నా పెద్ద పిశాచం అన్నంత దాకా వెళ్లాడు. ఆ గ్రంథంలోనే సమానలంబం అనే పేరు కనిపిస్తుంది. లంబాలు సమానమని తెలిస్తే ఆకారం ఇక ఒరగదు, నాలుగు భుజాలతోనే దాని లంబాన్నీ కర్ణాలనూ కట్టుకోవచ్చు అని చూపుతూ ఆయన ఆ ఆకారాన్ని ఆ లక్షణంతోనే పిలిచాడు. నేటి సమలంబ చతుర్భుజానికి మూలం ఇది. ఆ పేరు ఆకారాన్ని వర్ణించడమే కాదు, దానిని తేల్చడానికి కావలసిన ఒక్క షరతునూ చెబుతున్నది.

గ్రీకుల దృష్టి వేరు. వారు దీనికి పెట్టిన ట్రెపీజియన్ అన్న పేరుకు చిన్న బల్ల అని అర్థం. నాలుగు కాళ్లది అన్న మాట నుంచి బల్లకు ఆ పేరు వచ్చింది. యూక్లిడ్ అయితే చతురస్రం, దీర్ఘచతురస్రం, సమచతుర్భుజం, సమాంతర చతుర్భుజం కానివన్నీ ఆ పేరు కిందికే తోశాడు. రెండు భుజాలు సమాంతరంగా ఉన్నదానికి ట్రెపీజియం, ఏవీ సమాంతరం కానిదానికి ట్రెపీజాయిడ్ అన్న విభజన 5వ శతాబ్దపు వ్యాఖ్యాత ప్రోక్లస్‌లో కనిపిస్తుంది. 1795లో చార్లెస్ హట్టన్ ఆంగ్లంలో ప్రచురించిన గణిత నిఘంటువు ఈ రెండు పేర్లనూ తారుమారు చేయడంతో అమెరికాలో ఆ తారుమారే స్థిరపడగా, బ్రిటన్ తరువాత పాత అర్థానికి మళ్లింది. ఆ కారణంగా ఒకే ఆకారానికి రెండు దేశాలలో రెండు పేర్లు నడుస్తున్నాయి. తమిళం సరివగం అని వాలును చెప్పే పేరు పెట్టుకున్నది. హిందీ, తెలుగు భాస్కరుని లంబాన్ని పట్టుకున్నాయి. లక్షణం చెప్పే పేరుకు తారుమారయ్యే ప్రమాదం ఉండదు.

చోడవరంలో ఈ ఆకారం కాగితం మీదికి ఎక్కిన కథ ఆలస్యంగా మొదలైంది. 1858లో మద్రాసు ప్రభుత్వం సర్వే శాఖను ఏర్పాటు చేసినప్పుడు దాని ప్రధాన లక్ష్యం రైత్వారీ గ్రామాలు, అంటే ప్రభుత్వానికి రైతే నేరుగా శిస్తు కట్టే గ్రామాలు. విశాఖపట్నం జిల్లాలో అటువంటి తాలూకాలు గొలుగొండ, సర్వసిద్ధి, పాలకొండ మాత్రమే. చోడవరం కేంద్రంగా ఉన్న వీరవల్లి తాలూకా జమీందారీ నేల. జమీందారు కట్టే పేష్కషు 1802 నాటి శాశ్వత పరిష్కారంలోనే స్థిరపడినందున ఏ మడి ఎంతో తెలుసుకోవలసిన అవసరం ప్రభుత్వ ఖజానాకు లేకపోయింది. 1908 ఎస్టేట్ల భూమి చట్టం జమీందారీ గ్రామాలలో సర్వేకు వీలు కల్పించింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో అవి రైత్వారీలోకి మారినప్పుడు ప్రతి పొలానికీ సర్వే నంబరు, పటం తప్పనిసరి అయ్యాయి.

మద్రాసు పద్ధతిలో గీసిన ఆ పొలం పటాల పుస్తకాన్ని ఎఫ్.ఎం.బి. అంటారు, రైతులు కూడా అదే పేరుతో పిలుస్తారు. దాని వెనక ఉన్న ఆలోచన భాస్కరుడు అడిగినదే: కర్ణం, లంబం. పొలంలో ఒక మూల నుంచి ఎదుటి మూలకు గొలుసు లాగుతారు. 66 అడుగుల పొడవున్న ఈ గొలుసును 1620లో ఎడ్మండ్ గంటర్ ఇంగ్లండులో రూపొందించాడు. అందులో 100 లింకులు ఉంటాయి, 1000 చదరపు లింకులు ఒక సెంటు అవుతాయి. గొలుసు వెంట నడుస్తూ గట్టు వంగిన ప్రతి చోటికీ ఎదురుగా ఆగి, క్రాస్ స్టాఫ్‌తో సమకోణం చూసుకొని, గట్టు దాకా అడ్డకొలత తీస్తారు. దీనిని సర్వేయర్లు ఆఫ్‌సెట్టు అంటారు. ఉదాహరణకు 300 లింకుల కర్ణం మీద 80 లింకుల దగ్గర ఆఫ్‌సెట్టు 60, 200 లింకుల దగ్గర ఆఫ్‌సెట్టు 90 అనుకుంటే, మొదటి త్రిభుజం 2400 చదరపు లింకులు, చివరి త్రిభుజం 4500. నడిమి భాగం సమలంబ చతుర్భుజం, దాని వైశాల్యం 60, 90ల సగటు 75ను 120తో హెచ్చిస్తే వచ్చే 9000. మొత్తం 15900, అంటే కర్ణానికి ఒక పక్క 15.9 సెంట్లు. గట్టుకు వంపులు ఎన్ని ఎక్కువైతే నడుమ అన్ని సమలంబ చతుర్భుజాలు చేరుతాయి. ఇక్కడ లంబాలు సమాంతర భుజాల మధ్య దూరంగా కాక సమాంతర భుజాలుగానే నిలబడడం గమనించదగినది. ఆకారాన్ని పక్కకు తిప్పి వాడుకున్నారు. ఈ లెక్కల కాగితాలను గ్రామంలో దాచినవాడు కరణం. కరణం అన్న పదవి పేరు లేఖకుడిని చెప్పే కరణ శబ్దం నుంచి వచ్చింది. పటంలోని కర్ణంతో దానికి ఉన్నది ధ్వని సామ్యం మాత్రమే. 1984లో ఆ పదవి రద్దయింది, మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, పటాలు మాత్రం అలాగే నిలిచాయి.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రమంతటా రీసర్వే ప్రారంభించింది. డ్రోన్లు ఆకాశం నుంచి ఫొటోలు తీస్తాయి, ఉపగ్రహ సంకేతాలను అందుకొనే రోవరును గట్టు మూలలో నిలబెడితే ఆ బిందువు అక్షాంశ రేఖాంశాలు నమోదవుతాయి. గొలుసు లాగేవారు లేరు, ఆఫ్‌సెట్టు తీసేవారు లేరు. మూలల నిర్దేశాంకాల నుంచి కంప్యూటరు వైశాల్యం కట్టే సూత్రాన్ని విప్పి చూస్తే మాత్రం, పొలం ప్రతి గట్టు రెండు చివరల నుంచీ ఒక ఊహారేఖ మీదికి లంబాలు దించి, గట్టుకూ రేఖకూ మధ్య ఏర్పడిన సమలంబ చతుర్భుజపు వైశాల్యం కట్టి, చుట్టూ తిరిగి వస్తూ కొన్నింటిని కూడి కొన్నింటిని తీసివేయడమే ఆ లెక్క.